మ్యూట్‌లో రెండేళ్లు

నేను తెలివితక్కువవాణ్ణని ఇదివరకు చాలామంది చాలా సందర్భాల్లో అన్నారు. అన్నవాళ్ళలో మా ఆవిడ కూడా ఉంది కాబట్టి అందులో ఎంతో కొంత నిజం ఉండే ఉంటుందని నేనూ ఒప్పుకుంటూ వచ్చాను. పాపం, వాళ్ళెవరి దగ్గరా గట్టి ఆధారం మాత్రం లేదు. అదేదో నేనే ఇచ్చేస్తున్నాను. దుబాయ్‌లో ఒక తెలుగు సంఘం వేదిక మీద నేను రెండేళ్లపాటు ఎలక్ట్రిక్ గిటార్ వాయించాను. ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా నా గిటార్ హాల్లో కూర్చున్న ఒక్క ప్రాణికీ వినిపించలేదు. ఆ సంగతి నాకు తెలియదు. చప్పట్లు మోగినప్పుడల్లా వంగి వంగి దండాలు పెట్టేవాణ్ణి. నడుం నొప్పికి మందు కూడా వాడాను.

నా రాక్ జీవితం కాకినాడలో, ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో మొదలైంది. "రాక్ వస్తే రానీ, సప్లిమెంటరీలు మాత్రం రాకుండా చూసుకో" అన్నారు మా నాన్నగారు. రెండోవే ముందొచ్చాయి. భుజాల దాకా జుట్టు పెంచి, ఉద్యోగం రాగానే కత్తిరించుకున్నాను. దుబాయ్ వచ్చాక కత్తెరతో పనిలేకుండా మిగిలిన జుట్టు సంగతి ఇక్కడి నీళ్ళే చూసుకున్నాయి. ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ అనే పారిశ్రామికవాడలో ఏసీ డక్టులు చేసే ఫ్యాక్టరీలో ఎస్టిమేషన్ ఇంజనీర్ని. గాలి ఏ గొట్టంలోంచి ఎంత పోవాలో లెక్కగట్టే ఉద్యోగం. గాలి కబుర్లకు జీతమిచ్చే కంపెనీ అని మా ఆవిడ తన పుట్టింటివాళ్ళకి చెబుతుంది.

కోవిడ్ వచ్చి అందర్నీ ఇళ్ళల్లో కూర్చోబెట్టినప్పుడు బీరువా మీద పడున్న గిటార్ దుమ్ము దులిపాను. రోజూ బాల్కనీలో నిలబడి వాయించేవాణ్ణి. ఒకరోజు వాయించడం ఆపీ ఆపగానే చుట్టుపక్కల బాల్కనీలన్నీ చప్పట్లతో మారుమోగిపోయాయి. నా కళ్ళు చెమర్చాయి. ఆ చప్పట్లు డాక్టర్లకీ నర్సులకీ అని, ఫలానా వేళకి అందరూ కొట్టాలని ముందే అనుకున్నారని, మా ఆవిడ మర్నాడు చెప్పింది. మనిషన్నవాడు అక్కడే ఏదో ఒకటి నేర్చుకోవాలి. నేను మాత్రం బ్యాండ్ పెట్టాను.

ముగ్గురం. బేస్ గిటార్ ఒక బ్యాంకు ఉద్యోగి, డ్రమ్స్ ఒక స్కూల్లో ఫిజిక్స్ మాస్టారు. అసలు డ్రమ్స్ అయితే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఊరుకోడు కాబట్టి ఎలక్ట్రానిక్ ప్యాడ్లు. బ్యాండుకి ఒక భయంకరమైన పేరు కూడా ఉండేది. సిగ్గేసి ఇక్కడ రాయడం లేదు.

కార్యక్రమాలు మళ్ళీ మొదలయ్యాక సంఘం కల్చరల్ సెక్రటరీ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. ఆయన అబుదాబిలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉంటారు. కార్యదర్శి ఆయనే, గాయకుడు ఆయనే, ప్రతి ఫొటోలోనూ మధ్యనుండే మనిషీ ఆయనే.

"గురూగారూ, మనవాళ్ళకి ల్యాప్‌టాప్‌లో ముందే రికార్డు చేసిన ట్రాకుల మీద పాడి పాడి మొహం మొత్తేసింది. పోస్టర్ మీద 'లైవ్ రాక్ బ్యాండ్' అని పడాలి. మీరు నల్ల జాకెట్లేసుకుని అలా నిలబడితే చాలు, హాలు ఊగిపోద్ది."

"నిలబడితే చాలదండీ, వాయించాలి కదా," అన్నాను.

"అబ్బా, వాయించండి! ఎవరొద్దన్నారు? వెనకాల ట్రాక్ కూడా సన్నగా ఉంటుంది. దన్నుగా. అంతే."

నిలబడితే చాలు అన్న మాటలో ఆయన ఎంత నిజాయితీ చూపించారో అప్పుడు గ్రహించలేదు.

వేదిక మీద వాయించేవాడి కాళ్ళ దగ్గర ఒక చిన్న స్పీకర్ పెడతారు. తన వాయిద్యం తనకి వినబడడానికి. జనానికి వినబడేవి హాలుకి అటూ ఇటూ ఉండే పెద్ద స్పీకర్లు. నా గిటార్ నా కాళ్ళ దగ్గర దివ్యంగా మోగేది. పెద్ద స్పీకర్లలోనూ గిటారే మోగేది, అచ్చం నేను వాయిస్తున్నదే. ఇక అనుమానం ఎందుకొస్తుంది? పైగా నా చేతిలోంచి వెళ్ళిన తప్పు కూడా హాల్లోకి చేరేసరికి ఒప్పుగా మారిపోతోంటే, దాన్ని ఆ హాలు గొప్పతనంగా లెక్కేశాను. ఒక శనివారం ఇంట్లో భోజనం దగ్గర ఆ హాలు నిర్మాణం గురించి పావుగంట మాట్లాడాను కూడా.

ఒక ఉగాది, ఒక దసరా, మళ్ళీ ఉగాది, మళ్ళీ దసరా, మళ్ళీ ఉగాది. పిల్లల కూచిపూడికీ లక్కీ డ్రాకీ మధ్య మాకు స్థానం. ఆ మూడో ఉగాది నాడు, సెక్రటరీగారు పాడే పాట మధ్యలో నాకంటూ ఉన్న నలభై సెకన్ల గిటార్ ముక్క వచ్చింది. ఒక కాలు ముందుకేసి, కళ్ళు మూసుకుని, పైతీగని లాగి వదిలాను. తీగ ఠప్పున తెగింది.

తీగ తెగింది గానీ సోలో తెగలేదు. అది హాయిగా, ఏ తడబాటూ లేకుండా, పెద్ద స్పీకర్లలోంచి సాగిపోతూనే ఉంది. నా రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. ముందు వరసలో ఒకాయన నన్ను వీడియో తీస్తున్నారు. ఆ మిగిలిన పాతిక సెకన్లూ నేను ఏం చేశానో చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది: వాయిస్తున్నట్టు నటించాను. సోలో అయ్యాక వచ్చిన చప్పట్లకి దండం పెట్టాను. అలవాటు.

తీగ లాగితే డొంక కదులుతుందంటారు. నాకు తెగితే కదిలింది. ఇంటికెళ్ళి పాత వీడియోలన్నీ వరసగా చూశాను. ఒకదాంట్లో నేను సోలో జరుగుతుండగా కళ్ళజోడు సర్దుకుంటున్నాను. ఇంకోదాంట్లో నేను మొదలుపెట్టకముందే అది మొదలైంది.

"నీకు తెలుసా?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"ఏమోనండీ. ఇంట్లో విన్నప్పుడు ఒకలా ఉండేది, అక్కడ విన్నప్పుడు ఇంత బాగుందేమిటా అనుకునేదాన్ని. మీరేమో హాలు గొప్పతనం అన్నారు. సర్లే, డక్టులవీ తెలిసిన మనిషి కదా, నిజమే కాబోలు అనుకున్నా."

సంఘానికి మైకులూ స్పీకర్లూ తెచ్చి నడిపించే మనిషి జగిత్యాల వైపువాడు. నలభై దాటినవాడు, నాకంటే ముందొచ్చి దుబాయ్‌లో పాతుకుపోయినవాడు. సామాన్ల గోడౌను అల్ వర్సాన్‌లో. మరుసటి శనివారం పొద్దున అక్కడికే వెళ్ళాను. నన్ను చూడగానే అతను వైర్లు చుట్టడం ఆపేశాడు.

"తెలిసిపోయిందా సార్?" అన్నాడు.

"నువ్వు చెప్పు."

"కోప్పడకున్రి సార్. సెక్రటరీ సారే జెప్పిండు. 'గిటార్ బయటికి పోనియ్యకు, కాళ్ళకాడి డబ్బల ఇడువు, ఆయనకు ఆయన ఇనబడితె సాలు' అన్నడు. బేస్ గంతే, డ్రమ్స్ గంతే."

"ఎప్పట్నించి?"

"మొదటి ప్రోగ్రాం సంది."

కుర్చీ లేదు, ఒక స్పీకర్ మీద కూర్చున్నాను. "అంటే రెండేళ్ల నుంచీ నా వాయింపు ఎవ్వరూ వినలేదన్నమాట."

"ఎందుకినలే సార్? నేనిన్న గద! హెడ్‌ఫోన్ల. ప్రతిసారి."

రెండేళ్లలో నాకున్న ఏకైక శ్రోత ఎదురుగా నిలబడి, టీ తెప్పించాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

"ఎలా ఉండేది?" అని అడిగాను.

"మొదట్ల మస్తు ఖరాబుండె సార్. నిజం చెప్తున్న. నవ్వొచ్చేది. పోయిన దసరా కాడికి జర మంచిగైంది. మొన్నైతే నా చెవుల ట్రాక్ బంద్ జేసి మిమ్మల్నే ఇన్న. తీగ తెగేదాంక."

అంత నిక్కచ్చి సమీక్ష నా కెరీర్‌లో అదే మొదటిది. నాకు కావలసింది కూడా అదేనని అక్కడే, ఆ స్పీకర్ మీద కూర్చున్నప్పుడే అర్థమైంది. యాభయ్యో ఏడు దగ్గర పడుతోంది. కచేరీలు, క్యాసెట్లు, నా పేరు అరిచే జనం, ఇవేవీ ఇక రావు. ఒక్కసారి, ఒకే ఒక్క హాలు నా చేతిలోంచి పుట్టిన నలభై సెకన్లు వినాలి. బాగుంటే బాగుందని, బాలేకపోతే బాలేదని నాకు తెలియాలి. మనిషికి కనీసం తన తప్పులు తనవిగా వినబడే హక్కుండాలి కదా.

సెక్రటరీగారికి ఫోన్ చేశాను. ఆయన ఏమాత్రం కంగారుపడలేదు.

"అయ్యో గురూగారూ, అపార్థం చేసుకోకండి. అంతా మీ మంచికే. జనం వింటే ఏమనుకుంటారో ఏమో! మీ పరువు కాపాడాను నేను. ఒక్కసారైనా ఎవరైనా మిమ్మల్ని బాలేదన్నారా? చూశారా మరి! ఖలాస్, వదిలేయండి." ఆ మీదట ఊపిరి కూడా తీసుకోకుండా, "అన్నట్టు వార్షికోత్సవానికి యాంకర్ మాటలు మీరే రాయాలి. మీ తెలుగు బావుంటుంది," అన్నారు.

నేను మీటితే ఆయన మ్యూట్ చేస్తారు. నేను రాస్తే మాత్రం కావాలి.

"దానిదేముందండీ, రాస్తాను," అన్నాను.

మా యాంకర్ ఒక స్కూల్లో సోషల్ టీచరమ్మ. మంచి మనిషి. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదువుతారు, సొంత అభిప్రాయాలు ఉండవు. ఒకసారి కాగితం చివర టైపు చేసినవాళ్ళు పొరపాటున వదిలేసిన 'రెండో పేజీ చూడండి' అన్న మాటని కూడా ఎంతో ఆప్యాయంగా చదివారు. జనం కూడా రెండో పేజీ కోసం చూశారు. అలాంటి మనిషి చేతికి వెళ్ళే కాగితం రాసే అవకాశం ప్రపంచంలో ఎంతమందికి దొరుకుతుంది?

మూడు రోజులు కూర్చుని రాశాను. బ్యాంకుకీ ఫిజిక్స్‌కీ విషయం చెప్పాను. ఫిజిక్స్ మాస్టారు ముందు చాలా బాధపడ్డారు. తర్వాత, "మన ప్యాడ్లు కూడా వినిపిస్తాయంటావా?" అని అడిగారు, పరీక్ష రాసేవాడి మొహంతో. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంట్లో ట్రాక్ లేకుండా సాధన చేశాం. ట్రాక్ లేకపోతే మేమెంత ఘోరంగా ఉంటామో మాకు మొదటి వారం తెలిసింది. నాలుగో వారానికి ఆయన ఇంట్లోవాళ్ళు మేం వాయిస్తుండగా తలుపు వెయ్యడం మానేశారు.

వార్షికోత్సవం నాడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా వంతు వచ్చింది. ముందు వరసలో ముఖ్య అతిథి, నాలుగు హోటళ్ళున్న పెద్దాయన, తాంబూలం నములుతూ కూర్చున్నారు. టీచరమ్మ కాగితం విప్పి, నిదానంగా అందుకున్నారు:

"పోస్టర్ మీద లైవ్ అని వేసి ట్రాక్ వినిపించే సంస్థ కాదు మనది. అందుకే ఈ రోజు ల్యాప్‌టాప్ మూసేశాం. మన ప్రియతమ కార్యదర్శిగారు, ముగ్గురే ముగ్గురు వాద్యగాళ్ళతో, అసలు పాట ఏ శ్రుతిలో ఉందో సరిగ్గా అదే శ్రుతిలో, ఒక్క మెట్టు కూడా దించకుండా ఇప్పుడు పాడతారు. ఇది మన ముఖ్య అతిథిగారికి ఆయన ఇస్తున్న కానుక!"

పెద్దాయన తాంబూలం మింగేసి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన లేచారు కదా అని హాలంతా లేచింది.

ఇక్కడో వృత్తి రహస్యం చెప్పాలి. సెక్రటరీగారి కోసం ట్రాక్‌ని ఎప్పుడూ మూడు మెట్లు కిందికి దించి వేసేవారు. అసలు పాట పల్లవిలోనే పై షడ్జమం తాకి వస్తుంది. ఆయన గొంతు ఆ ప్రాంతాలకి ఎప్పుడూ వీసా తీసుకోలేదు.

సెక్రటరీగారు మైకుని చేత్తో మూసి నా వైపు వంగారు. "ఏంటయ్యా ఇది?"

'గురూగారూ' పోయి 'అయ్యా' వచ్చిందన్నమాట. "మీరు రాయమన్న స్క్రిప్టేనండీ," అన్నాను.

"ట్రాక్ వెయ్యమను వాణ్ణి!"

హాలు చివర బల్ల దగ్గర జగిత్యాల మనిషి, మేం ముందే అనుకున్నట్టు, అందరికీ కనబడేలా ల్యాప్‌టాప్ మూత దించి, హెడ్‌ఫోన్లు తీసి మెళ్ళో వేసుకున్నాడు. "యల్లా సార్, షురూ!" అని అక్కణ్ణుంచే కేకేశాడు.

మొదలుపెట్టాం. నా మొదటి మీటు హాలు వెనక గోడకి తగిలి, కాస్త ఆలస్యంగా నాకు తిరిగొచ్చింది. ఆ ఆలస్యం నాకు తెలియదు, అంతకుముందు ఎప్పుడూ వినలేదు. సెక్రటరీగారు పల్లవి అందుకున్నారు. అంటే, అందుకోబోయారు. పైస్వరం దగ్గర గొంతు రెండుగా చీలి, ఒక ముక్క పైకీ ఒక ముక్క కిందికీ వెళ్ళాయి. శ్రుతి మించితే రాగాన పడుతుందంటారు, ఆయనది రాగం కూడా దాటి దగ్గులో పడింది. అనుభవజ్ఞుడు కాబట్టి వెంటనే మైకు జనం వైపు తిప్పి "మీరూ పాడండి!" అన్నారు. జనం పాడలేదు. లైవ్ వినడానికి కదా వాళ్ళు లేచి నిలబడింది.

తర్వాత నా నలభై సెకన్లు వచ్చాయి. కళ్ళు మూసుకోలేదు ఈసారి. రెండు స్వరాలు తప్పాయి, ఒకచోట వేలు జారింది, అవన్నీ పెద్ద స్పీకర్లలో పెద్దగానే వినిపించాయి. మూడో వరసలో ఒక కుర్రజంట ఫోన్లలోంచి తలెత్తి చూశారు. వాళ్ళ వెనక ఒక చంటిపిల్ల రెండు చెవులూ మూసుకుని ఏడుపందుకుంది. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో మరి దేనికో తెలియదు, తర్వాత అడిగినా చెప్పలేదు. ముఖ్య అతిథి మాత్రం పక్కాయనతో "అరె, నిజంగానే వాయిస్తున్నారయ్యా!" అన్నారు. గట్టిగా అన్నారు, వేదిక దాకా వినిపించింది.

చరణం కూడా అయ్యేసరికి సెక్రటరీగారి జుబ్బా వీపుకి అంటుకుపోయింది. చివరి పల్లవి ఎలాగో గట్టెక్కించి, పాట అయిపోయిందన్న తృప్తితో, మైకు చంకలో పెట్టుకుని, సభికులకి రెండు చేతులెత్తి దండం పెట్టారు.

నేను ఫిజిక్స్ మాస్టారి వైపు చూసి తలాడించి, మళ్ళీ పల్లవి ఎత్తుకున్నాను.