డల్సీ మూసిన కిటికీలు

తెరిచిన కిటికీ కనిపిస్తే మా డల్సీ చెయ్యి ఊరుకోదు. తన ఇంటిదా, పరాయివాళ్లదా అన్న తేడా ఆవిడకు లేదు. తలుపు తోసుకుని లోపలికొచ్చి, కిటికీ ధడాలున మూసి, గడియ బిగించి, "పొగ ఇటు తిరిగింది, కళ్లు కనపడట్లేదా?" అని మందలించి వెళ్లిపోతుంది. ఇంటివాళ్లు స్నానం చేస్తున్నా, పోట్లాడుకుంటున్నా ఆవిడకేం పట్టదు. వచ్చిన పని కిటికీతో.

మా మిర్రావీ ఊరికి పడమట బొగ్గు గని, దాన్ని ఆనుకుని పవర్ స్టేషన్, దాని మీద చిమ్నీలు. పొద్దున్నే లేచి పొగ ఎటు వాలుతోందో చూసుకున్నాకే ఇక్కడి ఆడవాళ్లు బట్టలు ఆరేస్తారు. ఊరి మీదికి వాలిందంటే ఆ రోజు దుప్పట్లన్నీ వంటింట్లో కుర్చీల మీదే ఆరాలి. అంతవరకు మేమందరం ఒకటే. డల్సీ దుప్పట్ల దగ్గర ఆగలేదు, అదే వచ్చిన చిక్కు.

ఒకసారి చర్చిలో పెళ్లి జరుగుతోంది. "ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అని పాస్టరు అన్నాడో లేదో, వెనక బెంచీలోంచి డల్సీ లేచింది. పెళ్లికూతురి మొహం పాలిపోయింది. పెళ్లికొడుకు పాత సంగతులన్నీ గుర్తు చేసుకుంటున్నట్టు నేల చూపులు చూశాడు.

"పెళ్లికి నాకేం అభ్యంతరం లేదు నాయనా" అంది డల్సీ. "ఆ కిటికీకే."

నడవలో కుంటుకుంటూ వెళ్లి ఒక్కొక్కటీ మూసుకుంటూ వచ్చింది. మా వైపు ఫిబ్రవరి అంటే నడి వేసవి. మొహానికి రాసుకున్నదంతా కారిపోయాక తీసిన ఆ పెళ్లి ఫోటోలు ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ చూపించరు.

ఇంకోసారి పోలీసు జీపు అద్దం దించుకుని కానిస్టేబులు మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. డల్సీ అద్దం మీద వేళ్లతో కొట్టింది. "అది రొట్టె అనుకుని తింటున్నావా, బూడిద అనుకునా? ఎత్తు అద్దం!" అతను ఎత్తేశాడు. తుపాకీ ఉన్నవాడు కూడా ఆవిడకు ఎదురు చెప్పడం నేను చూడలేదు.

ఎదురు చెప్పేవాడు ఒక్కడే, ఆవిడ తమ్ముడు బెవన్. పవర్ స్టేషన్లో బాయిలర్ల దగ్గర పని, కార్మిక సంఘానికి నాయకుడు. ఇటు డల్సీ ఇల్లు, అటు బెవన్ ఇల్లు, మధ్యలో నాది. ముందు గదిలో ఆడవాళ్లకు జుట్టు కత్తిరిస్తాను, కాబట్టి ఊళ్లో మాటలన్నీ ముందు నా చెవిలోనే పడతాయి. ఆ ఇద్దరి మాటలైతే నా కంచెల మీదుగానే వెళ్లాలి. ఎందుకంటే డల్సీ 'శుభ్రమైన గాలి సంఘం' పెట్టిన రోజు నుంచి అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు.

సంఘమంటే ఏమీ లేదు. డల్సీ, ఆవిడ కొబ్బరి పొడి అద్ది చేసే ల్యామింగ్టన్ కేకులు, ఆ కేకుల కోసం వచ్చే నలుగురైదుగురు. ఆవిడ అడిగేవి రెండే. గాలిలో ఏముందో కొలిచే యంత్రం ఊరి మధ్యలో పెట్టాలి. పవర్ స్టేషన్ను కాస్త కాస్తగా తగ్గిస్తూ, తవ్వేసిన భూమిలో సౌర విద్యుత్తు పెట్టి, మన మగాళ్లకే అందులో పని ఇవ్వాలి.

"ఎండ జీతాలిస్తుందేమో కనుక్కో మా అక్కని" అనేవాడు బెవన్ అటు కంచె మీద నుంచి.

నేను ఇటు తిరిగేదాన్ని. "డల్సీ, ఎండ జీతాలిస్తుందా అంటున్నాడు."

"పొగ పింఛను తినడానికి ఒక్కడినైనా మిగులుస్తుందేమో వాణ్ణి కనుక్కోమను!"

"ఆ ముసల్దానికి బుర్ర తిరిగిందని చెప్పు."

"ముసల్దాన్ని సరే, వాడి కిటికీ తెరిచుందని చెప్పు."

చెప్పేలోపే ఆవిడ నా పెరట్లోంచి అడ్డంగా నడిచి, బెవన్ వంటింట్లోకి వెళ్లి, వాడి మొహమైనా చూడకుండా కిటికీ మూసి వచ్చేసేది. బెవన్ లేచి మళ్లీ తెరిచేవాడు. ఆవిడ మళ్లీ వెళ్లేది. ఆదివారాల్లో నాకు వేరే కాలక్షేపం అక్కర్లేకపోయేది.

ఇలా ఏళ్లు గడిచాయి. తర్వాత ఒక చలికాలం ఉదయం కంపెనీ వాళ్లు కార్మికులను గేటు దగ్గర నిలబెట్టి, వచ్చే వేసవికల్లా అంతా మూసేస్తున్నామని చెప్పారు. కాస్త కాస్తగా కాదు, ఒక్కసారిగా. సౌర విద్యుత్తు మాట లేదు, వేరే పని మాట లేదు. ఏటేటా మగాళ్ల ఊపిరితిత్తులకు నామమాత్రంగా చేయించే పరీక్షలు కూడా గేటుతో పాటే బంద్. డల్సీకీ ఆ మూసివేతకూ ఏ సంబంధమూ లేదు. లెక్క కుదరలేదు, మూసుకున్నారు. కానీ ఊరికి తిట్టడానికి మనిషి కావాలి. కంపెనీ యజమానులు ఎక్కడో సముద్రాల అవతల ఉంటారు, డల్సీ అయితే బేకరీ పక్క సందులోనే ఉంటుంది.

కేకులకు కూడా ఎవరూ రావడం మానేశారు. నా కుర్చీలో కూర్చున్నవాళ్లే, "గెలిచిందిగా, ఇంకేం కావాలట?" అనేవాళ్లు. నేను కత్తెర ఆడిస్తూ అద్దంలో వాళ్ల మొహాలు చూసేదాన్ని. అందరివీ భయపడ్డ మొహాలే. వాళ్లనేమని అనను?

ఆ వారాల్లో ఒక సాయంత్రం డల్సీ నా వంటింట్లో కూర్చుని టీ ముట్టుకోకుండా చల్లార్చింది. "ఇప్పుడు కూడా బెవన్ ఇంటికి వెళ్లాలా డల్సీ? ఊళ్లో వాళ్లు రాళ్లేసేలా ఉన్నారు" అన్నాను.

"కిటికీ కోసం వెళ్తున్నాననుకున్నావా రోమా?"

"మరి దేనికి?"

"వాడు నాతో మాట్లాడడు కదా. గడియ బిగించేలోపు వాడి ఊపిరి వినపడుతుంది. మా నాన్నకీ చివర్లో ఇదే చప్పుడు. పిల్లి గొంతులో గురక లాంటిది. ఆయనది ఎవరూ వినలేదు, విన్నా పట్టించుకోలేదు." టీ కప్పు పక్కకు జరిపి అంది: "ఊళ్లో బాయిలర్ల దగ్గర పనిచేసినవాళ్ల ఇళ్లన్నీ తిరుగుతాను. బాగున్నారా అని అడిగితే మగాళ్లు నిజం చెప్తారా? కిటికీ అంటే రానిస్తారు."

ఇన్నేళ్లూ ఆ ఇద్దరి మధ్యా కూర్చుని నవ్వుకున్నానే తప్ప ఈ సంగతి నాకు తట్టలేదు.

వేసవి మొదలయ్యాక, మూసివేత గురించి మాట్లాడటానికి మంత్రిగారు వచ్చిన రోజు సభకు ఊరంతా కదిలింది. డల్సీ లేవగానే వెనక నుంచి "కూర్చోవే!" అని అరుపులు. ఆవిడ ముందు హాలు కిటికీలన్నీ మూసింది. కొందరు ఆపుకోలేక నవ్వారు. తర్వాత మైకు అందుకుంది. గాలి మాట ఎత్తలేదు.

"అయ్యా, వీళ్లు ఇన్నాళ్లూ దేశానికి దీపాలు వెలిగించారు. గేటు మూసినా వీళ్ల ఛాతీలు మూసుకోవు. వీళ్లు బతికున్నన్నాళ్లూ ఊపిరితిత్తుల పరీక్షలు చేయించాలి. ఆ గనిలో రేపు ఏది కట్టినా మొదటి పని వీళ్లకివ్వాలి. ఒప్పుకునేదాకా నేను కిటికీలు తెరవను."

ఎండ మండిపోతోంది. మంత్రిగారు కోటు విప్పారు, టై వదులు చేశారు, నీళ్లు తాగారు. చివరికి పరీక్షల మాటకు అందరి ముందూ ఒప్పుకున్నారు. పని సంగతి ఆలోచిస్తామన్నారు. ఆ ఆలోచన ఇంకా సాగుతూనే ఉంది.

సర్కారు చేయించిన ఆ పరీక్షల్లో మొదట బయటపడింది బెవన్ జబ్బే. అప్పటికే ఆలస్యమైంది.

అది వాడికి చివరి చలికాలం. ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్. ఒక పొద్దున రొట్టె ఇవ్వడానికి వెళ్తే గది మంచుగడ్డలా ఉంది. కిటికీ బార్లా తీసి ఉంది.

"చలికి చచ్చిపోతావయ్యా!" అని మూయబోయాను.

"ముట్టుకోకు" అన్నాడు ఆయాసపడుతూ. "మూసి ఉంటే ఆవిడెందుకొస్తుంది?"

"అక్కా, రావే అని పిలవొచ్చు కదయ్యా!"

"ఇన్నేళ్ల తర్వాతా? ఏం మొహం పెట్టుకుని? ఆవిడ రావాలని కిటికీ తెరిచి పెట్టడం నేను ఇప్పుడు మొదలుపెట్టింది కాదులే రోమా."

అంతలో పెరట్లో అడుగుల చప్పుడు. డల్సీ లోపలికొచ్చింది. "ఈ కొంపలో బుద్ధున్నవాళ్లు ఒక్కళ్లూ లేరా?" అంటూ కిటికీ మూసింది. ఆ రోజు మాత్రం వెళ్లిపోలేదు. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. నేను రొట్టె అక్కడ పెట్టి వచ్చేశాను.

బెవన్ వసంతం రాకముందే పోయాడు. ఆ తర్వాత డల్సీ ఇంట్లోంచి కదల్లేదు. ఊళ్లోవాళ్లు సంకోచిస్తూనే కూరలు, కేకులు తెచ్చి గుమ్మంలో పెట్టిపోయేవాళ్లు. చిమ్నీల్లో పొగ లేదు. గాలి ఎటుందో ఎవరికీ తెలియక, ఊరి ఆడవాళ్లు తడిబట్టల బుట్టలతో పెరట్లో నిలబడి ఉత్త ఆకాశం చూసేవాళ్లు. నవ్వొచ్చేది, కానీ నేనూ అలాగే నిలబడేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక, డల్సీ ఇంటి వైపున్న నా వంటింటి కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసి, పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టాను. నీళ్లు మరిగాయి, చల్లారాయి, మళ్లీ పెట్టాను. అప్పుడు వినిపించింది పెరటి గేటు కిర్రుమనడం.

"రోమా! పొగ లేదని ఒళ్లు మరిచిపోయావా? దుమ్మంతా లోపలికి కొడుతోంది!"

"చూసుకోలేదు డల్సీ" అన్నాను.

కిటికీ మూసి, గడియ బిగించి, నా వైపు తిరిగి కాసేపు ఏదో వింటున్నట్టు నిలబడింది.

"నీ ఊపిరి బాగానే ఉంది" అంది. కుర్చీ లాక్కుంది. "టీలో పంచదార ఎక్కువ వెయ్యి."