తమ్ముడి కోసం వచ్చిన మనిషి

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. మాదన్నపేటలో మేమున్న అద్దె ఇంటి మెట్ల మీద రాత్రిళ్లు ఎవరో తిరుగుతారని పక్కింటివాళ్లు చెబితే, తిరిగేవాళ్లు కాస్త ఆ మెట్లు ఊడ్చినా బాగుండునన్నాను. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని ఎవరితోనూ వాదించను. జరిగింది మాత్రం చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సైదాబాద్ దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. వారానికోసారి మధ్యాహ్నం కంప్యూటర్ తెర ముందు కూర్చుని, ఎక్కడో అడవి పక్క ఊళ్లో ఉన్న దవాఖానా రోగులను చూసేవాళ్లం. మూత్రం జబ్బులు చూసే డాక్టరు ఆ చుట్టుపక్కల లేడు. అక్కడి కాంపౌండర్ ఒక్కొక్కరినీ కెమెరా ముందు స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. మా డాక్టరుగారిది గోదావరి జిల్లా. ఆయన మాట వాళ్లకూ, వాళ్ల మాట ఆయనకూ అందించడం నా పని.

ఆ జబ్బులు తనకున్నాయని ఏ మగవాడూ చెప్పడు. పైగా వినేది ఆడమనిషి. బావమరిదికి మంట అంటాడు, పక్కింటాయనకు రాళ్లు అంటాడు. తీరా చూస్తే అన్నీ తనవే. అందుకే మేం ఆ బావమరుదులందరినీ పక్కనపెట్టి, స్టూలు మీదున్న మనిషికే వైద్యం చేసేవాళ్లం. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఆ రోజు యాభై దాటిన ఒకాయన భుజాన తువాలుతో కూర్చున్నాడు. తమ్ముడు లచ్చయ్యకు నిన్నటి నుంచి మూత్రం బందయిందని, పొట్ట ఉబ్బిందని, వాగు అవతల గుడిసెలో ఒక్కడే పడున్నాడని చెప్పాడు. డాక్టరుగారు నా వంక చూసి నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గుపడకుండా బల్ల మీద పడుకోమని చెప్పాను.

"నన్ను చూస్తే ఏమొస్తది బిడ్డా? ఎవ్వలన్న పోయి వాన్ని తీస్కరాండ్రి" అన్నాడు.

అంతలో లైను పోయింది. మళ్లీ బొమ్మ వచ్చేసరికి స్టూలు మీద ఒక ముసలామె ఉంది. ఆయన సిగ్గుపడి వెళ్లిపోయాడనుకున్నాం. అలా లేచిపోయేవాళ్లు మామూలే. సాయంత్రం మార్కెట్లో కూరగాయలు కొనుక్కుని ఇంటికెళ్లాను. ఆయన మళ్లీ గుర్తుకు రాలేదు.

నాలుగైదు రోజులకు మేకలు కాసేవాళ్లెవరో లచ్చయ్యను చూసి దవాఖానాకు మోసుకొచ్చారు. గొట్టం వేస్తే మూత్రం వచ్చింది కానీ, అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. మా దగ్గరికి పంపారు. పేరు వినగానే నాకు ఆ తువాలు మనిషి గుర్తొచ్చాడు. కాంపౌండర్‌కు ఫోన్ చేసి, ఆ రోజు ముసలామె కంటే ముందు కూర్చున్న అన్న ఏడని అడిగాను.

"ముసలామె కంటె ముందు ఎవ్వరు కూసోలె సిస్టర్. మీరు ఖాళీ స్టూలుతోని మాట్లాడుతుంటే లైన్ చెక్ చేస్తున్రనుకున్న" అన్నాడు.

లచ్చయ్యకు ఉన్నది ఒక్కడే అన్న. రెండేళ్ల కిందట ఇదే జబ్బుతో, ఎవరికీ చెప్పుకోలేక చనిపోయాడు. నేను చూసిన మనిషి పోలికలు చెబితే, మా అన్నే అన్నాడు లచ్చయ్య. డాక్టరుగారిని అడిగాను. తానూ చూశానన్నారు, విన్నానన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు.

లచ్చయ్య ఆ నెల దాటలేదు. ఆ రోజే నేను చెప్పి ఉంటే కాంపౌండర్ సైకిలేసుకుని పోయి చూసేవాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. నా మనసులో ముల్లులా అదే ఉండిపోయింది.

ఆయన ఆ తెర మీదికి ఎలా వచ్చాడో, మా ఇద్దరికే ఎందుకు కనిపించాడో నాకు ఇప్పటికీ తెలియదు. లచ్చయ్యకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. అన్న వచ్చాడంటే వెంటనే నమ్మాడు. అతనికి అర్థం కానిది వేరే ఉంది. నేను సెలైన్ సీసా మారుస్తుంటే అడిగాడు, కోపంగా కూడా కాదు.

"అన్న వచ్చి చెప్పిండు గద బిడ్డా. మరెందుకు ఎవ్వలు రాలె?"