దండెం మీద ధర

రంగునీళ్లలో ఉడికిన పట్టు నూలు వాసన తగిలితే ఇప్పటికీ నా కళ్లు దండెం కోసం వెతుకుతాయి. నిన్న మనవరాలి పెళ్లిచీరకని ధర్మవరం వెళ్లి, దుకాణం వదిలేసి రంగుల వీధిలోకి నడిచాను. ఆడ ఏముందని పోతాండావని పిల్ల విసుక్కుంది. దానికి చెన్నప్ప తెలియడు.

చీరల అంచులకు గళ్ల కాగితం మీద బొమ్మలు గీసే మనిషి చెన్నప్ప. పందొమ్మిదివందల యాభైల చివర్లో నేను పెనుకొండలో గుమాస్తా పని మానేసి, ఇంట్లో తిట్లు తిని, ఆయన దగ్గర చేరాను. గీయడం తొందరగానే పట్టుబడింది. ధర అడగడానికే నోరు పెగిలేది కాదు. ఎక్కువంటే మనిషి పోతాడు, తక్కువంటే పొయ్యి వెలగదు.

ఒకసారి హిందూపురం షావుకారొకడు వచ్చి, కూతురి పెళ్లికి ఒక్క చీరేనని, హంసల అంచు గీయమన్నాడు. నేను జాలిపడి ఏదో చిన్న ధర చెప్పబోతుంటే చెన్నప్ప నా మోచెయ్యి గిల్లాడు. రేపు చెబుతామని అతణ్ణి పంపేసి, నన్ను రంగుల వీధికి లాక్కుపోయాడు. ఆ షావుకారి నూలేదని అడిగితే రంగులాయన పెరడంతా చూపించాడు. ఎటు చూసినా దండేల మీద కుంకుమరంగు నూలే.

"ఆయప్పకు ఒక్క కూతురే కదప్పా? ఈడ ఊరంతా పెండ్లికూతుర్లే ఉన్నట్టుండాది," అన్నాడు చెన్నప్ప.

మన అంచు ఎన్ని చీరలకు ఎక్కుతుందో దాన్నిబట్టే ధర అని అప్పుడు తెలిసింది. మర్నాడు ఆ లెక్కన ధర చెబితే షావుకారు మొహం మాడ్చుకుని, పొద్దెక్కేదాకా బేరమాడి ఒప్పుకున్నాడు.

"బేరమాడినాడంటే నువ్వు సరిగ్గా చెప్పినట్టు. ఆడకుండా ఇచ్చినోడు ఇంకా యాడో నూలు ఆరేసుకోనుంటాడు," అన్నాడు చెన్నప్ప.

అంతే, నమ్మకమన్నది నా ఒంట్లోంచి పోయింది. మేనత్త రుమాలు మీద పువ్వు గీయమన్నా ఎన్ని రుమాళ్లని అడిగేవాణ్ణి.

కొన్నేళ్లకు చెన్నప్పకు చూపు మందగించింది. తన కూతురికి ఒక్క చీరేనని, మామిడిపిందెల అంచు గీసి ధర చెప్పమన్నాడు. ఒక్క చీరే! నా గీతలు తన పేరున అమ్ముకుంటాడేమోనని అనుమానపు పురుగు తొలిచింది. అదే నిజమైతే నాకు బతుకు నేర్పిన మనిషి నాకు లేనట్టే. కాళ్లు వాటంతటవే రంగుల వీధికి నడిచాయి.

రంగులాయన అరుగు మీద చెన్నప్ప కూర్చుని ఉన్నాడు.

"రావేమో అనుకుంటి. రాకపోయింటే నీకు నేర్పిందంతా దండగే కదప్పా," అన్నాడు.

దండెం మీద ఒక్క చీరకు సరిపడా నూలే ఉంది. నేను ఏమీ వద్దన్నా వినక ధర చెప్పించాడు. చెప్పగానే మారుమాట లేకుండా చేతిలో పెట్టాడు. బేరమాడలేదు.

కళ్లు తుడుచుకుంటూనే పక్క పెరట్లోకి తొంగిచూశాను. అక్కడేమీ లేదు. ఆయన పోయి చాలా కాలమైంది, తలుచుకోని రోజు లేదు. అయితే పక్కనే ఉన్న బత్తలపల్లిలో కూడా అప్పట్లో ఒక రంగులాయన ఉండేవాడు. అక్కడికి మాత్రం పోయి చూడలేదు.