లోపలి గడియ

అనసూయ ఇంట్లో ఎవరూ మనసులో చదువుకోరు.

బెంగళూరు బొమ్మనహళ్ళిలోని ఆ వీధిలో చాలామంది ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. బడిలో నేర్చుకున్నది మాత్రం కన్నడం. తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అనసూయ మడకశిర పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చింది. వీధిలో తెలుగు చదవగలిగింది ఆమె ఒక్కతే. కొత్తలో అది గౌరవంగా ఉండేది. ఊళ్ళనుంచి వచ్చిన శుభలేఖలు ఆమె చేతనే చదివించుకునేవాళ్ళు.

ఇప్పుడు ఫోన్‌లో సీరియల్ నవల. ఆమె గార్మెంట్స్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి ముఖం కడుక్కునేలోగా అత్త భాగీరథమ్మ చాప పరిచి ఉంటుంది. పక్కింటి వెంకటలక్ష్మి అనపకాయల చేట పట్టుకుని వస్తుంది. ఏ నవల చదవాలో చెప్పేది వెంకటలక్ష్మి. ఆమెకు కొలత ఒకటే.

"అందరూ చదివేది ఏది ఉండాదో చూడమ్మా. కింద లెక్క రాసింటారు కదా."

"ఇది ఇరవై లక్షల మంది చదివినారంట, వదినా."

"అంతమందీ తిక్కోళ్ళా ఏమి? అదే పెట్టు."

అలా పెట్టిన నవల రెండేళ్ళుగా నడుస్తోంది. అందులో మధులిక అనే అమ్మాయికి పెళ్ళి కుదురుతుంది, తప్పిపోతుంది, మళ్ళీ కుదురుతుంది. రోజూ కొత్త భాగం వస్తుంది. గార్మెంట్స్‌లో మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా అదే మాట. నిన్నటి భాగం తెలియనివాళ్ళకు అక్కడ మాట్లాడడానికి ఏమీ ఉండదు.

సహన ఒక్కతే ఆ మాటల్లో కలిసేది కాదు. హిందూపురం పిల్ల. కుట్టిన చొక్కాలను సరిచూసే పని. ఒకరోజు అట్ట చిరిగిన పలచని నవల ఒకటి తెచ్చి అనసూయ సంచిలో పెట్టింది.

"ఇది అందరూ చదివేది కాదక్కా. నువ్వు చదువుతావని తెచ్చినా."

"ఏముండాది దీంట్లో?"

"నేను చెప్పను. నువ్వు చదివినంక ఇద్దరం మాట్లాడుకుందాం. నెలాఖరుకు పని మానేసి ఊరికి పోతా ఉండా. మళ్ళా రాను. అంతలోపల చదివేయ్."

తన కోసమని ఒక పుస్తకాన్ని ఎంచి ఎవరైనా ఇవ్వడం అనసూయకు అదే మొదలు.

పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే తెరిచింది. మొదటి పేజీ సగం అయింది.

"ఏమే అది?" భాగీరథమ్మ గడపలో నిలబడి ఉంది.

"పుస్తకం, అత్తా."

"గట్టిగా చదువు. మేమూ వింటాము."

"సుమ్మనే, ఊరికే చూస్తా ఉండా."

"మనసులో చదువుకునేంత మాట ఏముండాదే దాంట్లో? మాకు తెలీకూడనిదా?"

పుస్తకం మూసింది. బస్సులో చూసింది. ఒక చేయి కడ్డీకి, ఒక చేయి సంచికి. పేజీ తిప్పడానికి చేయి లేదు. ఆదివారమైతే, ఉన్న ఒక్క గదిలో భర్త మునిరాజు, టీవీ. నెల సగం దాటింది. ఆమె రెండో పేజీలోనే ఉంది.

మధులిక కథ అయిపోతే తప్ప సాయంత్రం తనకు రాదు. అది తనంతట అయిపోయేది కాదు.

ఒక సాయంత్రం అనసూయ ఫోన్ మీదే చూపు నిలిపి, అందులో ఉన్నది వదిలేసి, లేనిది చదివింది. మధులికకు పెళ్ళి చేసింది. పగవాళ్ళకు బుద్ధి తెప్పించింది. కథలో అత్త వచ్చి మధులిక చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

"అయిపోయింది" అంది.

వెంకటలక్ష్మి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "రెండేండ్లు చూసినా కదమ్మా ఆ పిల్లను. ఇంగ నాకు పొద్దెట్ల పోతాది?"

భాగీరథమ్మ చాప చుట్టింది.

మరునాడు చాప లేదు. అనసూయ గడప మీద కూర్చుని పుస్తకం తెరిచింది. రెండో పేజీ దాటింది. కథలో ఒక ఆడమనిషి తనది కాని స్టేషన్‌లో రైలు దిగింది. చేతిలో సామాను లేదు. ఎందుకు దిగిందో ఇంకా చెప్పలేదు.

లోపల చాప దులిపిన చప్పుడు వినిపించింది.

"నిన్న నీ బొటనవేలు కదల్లేదు" అంది భాగీరథమ్మ.

అనసూయ తల ఎత్తింది.

"రోజూ వేలుతో పైకి తోస్తా చదువుతావు. నిన్న తోయలేదు. నాకు అక్షరం లేకపోతే కండ్లు కూడా లేవా?"

తిడుతుందని అనసూయ ఎదురుచూసింది.

"బాగుండాదే. ఆ లక్షల మంది చదివేదాని కంటే నీదే బాగుండాది. ఇంగ సెల్లు వద్దు. నువ్వే చెప్పు."

వెంకటలక్ష్మి అప్పటికే చేటతో వచ్చి కూర్చుంది. "పెండ్లయింది సరే. ఆమేలె? తర్వాత ఏమాయె?"

"ఆమేలె ఏమీ లేదు, వదినా. అయిపోయింది."

"పెండ్లయితే అయిపోతాదా? నీకు అయిపాయనా?"

అత్త, వెంకటలక్ష్మి ఇద్దరూ నవ్వారు. పుస్తకం పేజీల మధ్య అనసూయ వేలు ఇంకా ఉంది. కాసేపటికి వేలు తీసింది.

మధులికకు మేడ మీద గది ఇచ్చారని చెప్పింది. గదిలో ఒక కిటికీ. ఒక కుర్చీ. తలుపుకు లోపలి వైపు గడియ.

"గడియ యాల?" అంది భాగీరథమ్మ.

"వేసుకోడానికి, అత్తా."

"కొత్త కోడలు పట్టపగలు గడియ వేసుకుంటే ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారే? తీసెయ్."

"అవునమ్మా, అది నప్పలేదు" అంది వెంకటలక్ష్మి, అనపగింజలు గిన్నెలోకి రాలుస్తూ. "కుర్చీ ఉండనీ. గడియ వద్దు."

అనసూయ గడియ తీసేసింది. తలుపు తెరిచే ఉంది. ఆడబిడ్డ వచ్చి కుర్చీలో కూర్చుంది. తర్వాత అత్త వచ్చింది. వింటున్న ఇద్దరూ చాప మీద ఇంకొంచెం దగ్గరికి జరిగారు.

నెల చివరి రోజున గార్మెంట్స్ గేటు దగ్గర సహన ఆగింది.

"చదివినావా, అక్కా?"

"ఆమె స్టేషన్‌లో దిగింది."

"దిగి?"

"ఆడే ఉండాది."

సహన ఆమె ముఖం చూసింది. ఆ తర్వాతి కథ చెప్పబోయి ఆగింది. "పుస్తకం నీ దగ్గరే పెట్టుకో" అంది.

బస్సు వచ్చింది. ఇంటికి చేరేసరికి చాప పరిచి ఉంది.