పదిహేను నిమిషాల్లో రెండు వాక్యాలు

మొన్న ఆదివారం పొద్దున్న మా సార్ కూతురు ఫోన్ చేసింది. "అన్నా, నాన్న పోయిండు. పదకొండు గంటలకు పంజగుట్టకు తీస్కపోతున్నం" అని, నేను ఏదైనా అనేలోపే పెట్టేసింది. ఇంకా చాలామందికి చెప్పవలసి ఉండి ఉంటుంది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. వారిలో నేనొకణ్ణి, మంచి శిష్యుణ్ణని చెప్పుకునే అర్హత మాత్రం నాకు లేదు.

సార్ న్యాయవాది కారు. కోర్టులో స్టెనోగ్రాఫర్‌గా పనిచేసి రిటైరైనారు. మేము పగలు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంకాలపు కళాశాలలో న్యాయశాస్త్రం చదివినవాళ్ళం. నేను బేగంపేటలో ఒక కంపెనీ గుమాస్తాగా ఉంటూ నలభయ్యో ఏట పట్టా పుచ్చుకున్నాను. ఆ పట్టాను చూసి నవ్వినవాళ్ళున్నారు. నేను ఏనాడూ తల దించుకోలేదు.

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల మధ్య, ఒకప్పుడు టైపు నేర్పిన గదిలో ప్రతి ఆదివారం సార్ మమ్మల్ని కూర్చోబెట్టేవారు. ఒక్కొక్కరం లేచి కేసు వాదించాలి. ఆయన షార్ట్‌హ్యాండ్ పుస్తకం తెరిచి, కేసుకు పనికొస్తుందని తోచిన మాట మాత్రమే రాసుకునేవారు. అంతా అయ్యాక అది చదివి వినిపించేవారు. అదే పాఠం. నేను మొదటిసారి పదిహేను నిమిషాలు అనర్గళంగా మాట్లాడి కూర్చున్నాను. సార్ రెండు వాక్యాలు చదివి ఊరుకున్నారు.

"అంతేనా సార్?"

"జడ్జి కాడ మిగిలేది గింతనే బిడ్డా. మిగతాదంత ఫ్యాను గాలికి పోయింది."

వెనక నుంచి ఒక మిత్రుడు, "సార్, నా దాంట్ల ఏం రాసిన్రు?" అన్నాడు.

"నీ పేరు రాసిన. అది సుత సరిగ వినవడలె."

గదంతా నవ్వింది. నేను నవ్వలేదు. అయినా మరుసటి ఆదివారం వెళ్ళాను, ఆ తర్వాత ఏళ్ళ తరబడి వెళ్ళాను. "ప్రశ్న అడిగిండంటే జడ్జి ఇంక నీ మాట ఇంటున్నడని లెక్క. కోపం తెచ్చుకోకు" అనేవారు. "ముందుగాల అవునో కాదో చెప్పు. ఎందుకో తర్వాత చెప్పు" అనేవారు. న్యాయశాస్త్రం చదువుతున్న పాఠకులకు ఇవి చిన్న మాటలుగా కనిపించవచ్చు. నాకూ అలాగే కనిపించాయి.

యూసుఫ్‌గూడలో సార్ ఇంటి వెనక గల్లీలో ఒకామె ఉండేది. ఒక ఆఫీసు భవనంలో పదకొండేళ్ళు ఊడ్చి తుడిచిన మనిషి. ఒకనాడు రావద్దన్నారు. తనే రాజీనామా ఇచ్చిందంటూ సంతకం ఉన్న కాగితం చూపించారు. ఇద్దరు ఆడపిల్లలు, భర్త లేడు. ఆమెను నా దగ్గరికి పంపింది సారే.

విచారణకు ముందు ఆదివారం సార్ ఎదుట వాదించాను. మధ్యలో ఆపి, "సంతకం ఆమెదేనా?" అని అడిగారు.

"ఆ విషయం తగిన సందర్భంలో మనవి చేసుకుంటాను."

సార్ కలం కింద పెట్టారు. "గట్ల కాదు. నువ్వే ముందు చెప్పు. సంతకం ఆమెదే, ఆమెకు సంతకం తప్ప చదువు రాదు, అండ్ల ఏమున్నదో చెప్పకుండ పెట్టిచ్చుకున్నరు అని. ఆళ్ళు చెప్పేదాంక ఆగితే దాచినట్టయితది."

అందరి ముందు ఆపినందుకు నాకు రోషం వచ్చింది. "సార్, మీరు వాదనలు రాసిన్రు. ఎన్నడన్న చేసిన్రా?" అన్నాను.



"నిజమే బిడ్డా. చెయ్యలె" అని సార్ పుస్తకం మూశారు.

కార్మిక న్యాయస్థానంలో న్యాయాధికారి అదే ప్రశ్న మూడుసార్లు అడిగారు. నేను మూడుసార్లూ తగిన సందర్భం గురించే చెప్పాను. మూడోసారికి ఆయన చూపు నా మీద నుంచి ఎదుటి వకీలు మీదికి వెళ్ళింది. మళ్ళీ నా వైపు రాలేదు. కేసు ఓడిపోయాం. వెనక్కి తిరిగితే చివరి బెంచీలో సార్ కూర్చుని ఉన్నారు. మెట్ల దగ్గర నన్ను ఆపి, "ముందుగాల ఆమె కాడికి వో. నా కాడికి తర్వాత వద్దువు" అన్నారు.

ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె ఏడవలేదు. "నన్ను అడిగితె నేనే చెప్తుంటి గద సార్, సంతకం పెట్టింది నేనేనని" అన్నది.

సార్ దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. హైకోర్టులో రిట్ వేశాను, ఆ సంగతి కూడా చెప్పలేదు. ఆమె చెప్పినట్టుంది, ఒకసారి ఆయనే ఫోన్ చేసి, "పైకోర్టుకు పోయేముందు ఒక్కపారి నా ముంగట చెప్పుకో" అన్నారు. చూద్దాం సార్ అన్నాను. ఆయనకు ఒంట్లో బాగాలేదని తెలిసింది. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకున్నాను. ఆ ఆదివారాలన్నీ నాకు తీరికగానే ఉండేవి.

పంజగుట్ట శ్మశానంలో పాతికమంది ఉన్నారు. వారిలో ఆయన దగ్గర నేర్చుకున్న వకీళ్ళం నలుగురమే. అంతా అయిపోయి జనం కదులుతుండగా, సార్ ఇంటి వెనక గల్లీ ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సార్, మన కేసు ఉన్నదా, పోయిందా?"

"ఉన్నదమ్మ. వచ్చే నెల వస్తది."

"గెలుస్తమా?"

"తెలువది. కింది కోర్టుల ఓడింది నావల్లనే. నీ తప్పేం లేదు."

ఆమె నా ముఖం వైపు చూసింది.

"గీ మాట సార్‌కు చెప్పిన్రా?"

"లేదు" అన్నాను.

ఆమె నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుని, చెప్పులు చేత పట్టుకుని గేటు వైపు నడిచింది. సిమెంటు నేల మీద తడి పాదాల గుర్తులు వరుసగా పడ్డాయి. ఎండ గట్టిగా ఉంది. ఆమె గేటు దాటేసరికి మొదటి అడుగులు అప్పుడే ఆరిపోతున్నాయి.