పరీక్ష చూసి పొడిచిన నెలవంక

యార్క్‌షైర్‌లోని ఆ యూనివర్సిటీలో ముస్లిం పిల్లల మంచీచెడూ చూసే చాప్లిన్, అంటే మతం తరఫు పెద్దదిక్కు, సఫూరా లునాత్. హోదా పెద్దదే. పనిలో సగం మాత్రం నమాజుకి ముందు కాళ్లు కడిగే సింకు కింద నీళ్లు తుడవడం. మిగతా సగం, "ఇమామ్ గారెక్కడ?" అని వెతుక్కునే వాళ్లకి "ఆయన లేడు, నేనే ఉన్నా, కూర్చో నాయనా" అని చెప్పడం.

ఆ యేడు రంజాన్ పండుగ పరీక్షల మధ్య వచ్చిపడింది.

"పండుగ ఏ రోజో చెప్పండి, ఆ రోజు పరీక్ష మీవాళ్లకి మారుస్తాం" అంది పరీక్షల ఆఫీసు గ్లెనిస్.

"బుధవారమో గురువారమో. నెలవంక కనబడాలి గదా."

"ముందే కనుక్కోలేరా?" అంది గ్లెనిస్, బస్సు వేళ అడిగినట్టు. "ఒక్క రోజే ఇస్తాం. మీవాళ్లు ఒక మాట మీదికి రాకపోతే అదీ లేదు."

ముందుగా వచ్చింది నర్సింగ్ చదివే సోమాలీ పిల్ల హోదన్. "ఆపా, నా పరీక్ష బుధవారం పొద్దున. మాకు పండుగా ఆ రోజే అయ్యేట్టుంది. అమ్మ మొగదిషు నుంచి వచ్చింది, ఆ మధ్యాహ్నమే తిరుగు విమానం. పండుగ నమాజు ఒక్కటైనా అమ్మ పక్కన చదువుకుంటా."

"చూస్తాలే తల్లీ" అంది సఫూరా.

తర్వాత వచ్చారు ఇద్దరు మొనగాళ్లు. ఇల్యాస్‌ది మక్కా కబురు పక్షం, అంటే బుధవారం; జునైద్‌ది ఇక్కడ కంటితో చూస్తేనే నమ్మే పక్షం, అంటే గురువారం. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"మక్కాలో పండుగైతే లోకమంతా పండుగే!"

"ఓహో, మక్కాలో పొద్దుగూకితే ఇక్కడ ఉపవాసం విడుస్తావా?"

తల బొప్పి కట్టి సఫూరా అంది, "గురువారం మీ ఇద్దరికీ లెక్కల పరీక్ష కదూ?"

గది చల్లబడింది. ఇల్యాస్ గొంతు సవరించుకున్నాడు. "నిజానికి ఆపా, ఎక్కడి నెలవంక అక్కడే చూడాలని కూడా పెద్దలన్నారు."

"ఇన్నాళ్లకి దారికొచ్చావు భాయ్!" అని జునైద్ కావలించుకున్నాడు.

తలపండిన పండితులు తీర్చలేని తగువు లెక్కల పేపరు తీర్చేసింది. గురువారం ఖాయమైంది, బుధవారం పరీక్షలు బుధవారమే ఉండిపోయాయి. గ్లెనిస్ కేకు కోయించింది. 'ఐకమత్యం సాధించిన చాప్లిన్' అని సఫూరా ఫొటో గోడకెక్కింది. ఆ ఫొటోలో నవ్వు చూడాలి, హోదన్ అనే పిల్ల ఉందన్న గుర్తే లేదు.

తీరా మక్కాలో బుధవారమే పండుగన్నారు. ఆ పొద్దున్నే ఊరి మసీదులో పండుగ నమాజుకి ఇల్యాస్ కొత్త కుర్తా వేసుకుని మొదటి వరసలో నిలబడ్డాడు. రేపటి సెలవు ఎలాగూ ఎక్కడికీ పోదు.

ఆడవాళ్ల వైపు ఖర్జూరాలు పంచుతున్న సఫూరాకి సూట్‌కేసుతో ఒక ముసలామె ఎదురైంది.

"మీరే సఫూరా ఆపానా? నేను హోదన్ వాళ్లమ్మని. అది పరీక్ష రాస్తోంది. మీకు సలాం చెప్పమంది. దాని కోసం చాలా పోరాడారట కదా."

సఫూరాకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"లేదమ్మా," అంది. "మరిచిపోయాను."

ఆ తల్లి సూట్‌కేసు పిడి అందుకుంది. తర్వాత, ఎయిర్‌పోర్టుకి టాక్సీ ఎక్కడ దొరుకుతుందని అడిగింది.