స్టేజీకి వీపు పెట్టిన మనిషి

అతన్ని అందరూ గోడ అంటారు. భార్య కూడా కోపం వస్తే తప్ప అసలు పేరుతో పిలవదు.

ఒక రాక్ బృందం ఊళ్లో ఎప్పుడు వాయించినా, స్టేజీకీ జనానికీ మధ్య ఇనుప కంచె వెనక నిలబడేది అతనే. ముఖం జనం వైపు, వీపు పాట వైపు. ఇరవై ఆరేళ్లలో వాళ్ల సంగీతం ఎలా మారిందో చెప్పమంటే ఒళ్లు చూపిస్తాడు. నుదుటి మీది కుట్లు మొదటి ఆల్బమ్‌వి. అప్పట్లో డ్రమ్ములు మోగితే చాలు, సీసాలు లేచేవి. తర్వాత వాళ్లకి వయొలిన్ల పిచ్చి పట్టింది. జనం కళ్లు మూసుకుని ఊగుతుంటే ఊరికే నిలబడి నడుం పట్టేసింది. మళ్లీ గిటార్లు గర్జించాయి, రెండు పక్కటెముకలు విరిగాయి. ఇప్పుడైతే తండ్రీ కొడుకులు ఆ బృందం బొమ్మున్న చొక్కాలేసుకుని వచ్చి మరీ కుమ్ముకుంటారు.

మారనిది ఒక్క లారీ మెకానిక్కే. మొదటి ఆల్బమ్‌లోని ఒక పాత పాటలో డ్రమ్ములు విరుచుకుపడే చోట కంచె మీదికి దూకడం వాడి పిచ్చి. గోడ వాణ్ణి చితకబాది వెనక్కి విసురుతాడు. మూడు పళ్లు పోయినా వాడికి బుద్ధి రాలేదు. "వచ్చేసారి దాటతా బావా" అని రక్తం ఉమ్మి వెళ్లిపోతాడు.

ఈసారి కచేరీ మేనేజర్ ముందే తేల్చి చెప్పాడు. "ఒక్కడు దాటినా నీకిదే ఆఖరు. వయసైపోయింది నీకు." యాభై ఎనిమిదేళ్ల గోడకి ఈ పని తప్ప మరొకటి రాదు.

పాత పాట మొదలైంది. కానీ దాన్ని మార్చేశారు. నింపాదిగా, పియానో మీద. డ్రమ్ములు విరుచుకుపడాల్సిన చోట వట్టి నిశ్శబ్దం. దూకడానికి వంగిన మెకానిక్ అలాగే ఉండిపోయాడు. వెనక జనం భగ్గుమన్నారు. "పాతలా కొట్టండ్రా!" కుర్చీలు గాల్లోకి లేచాయి. వెయ్యిమంది బరువు ముందుకి విరుచుకుపడింది. మెకానిక్ ఛాతీ కంచెకి నొక్కుకుపోయింది, వాడు కళ్లు తేలేశాడు.

గోడ ఒక్క క్షణం ఉద్యోగం గురించి ఆలోచించాడు. అలా ఆలోచించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వాడి చంకల్లో చేతులేసి ఇవతలికి లాగి పడేశాడు.

ఊపిరి అందగానే మెకానిక్ లేచి గోడ దవడ మీద ఒక్కటిచ్చాడు. "ఎత్తి దింపడానికి నేనేమన్నా బస్తానా? నేనే దూకేవాణ్ణి కదరా!"

"దేనికి దూకుతావు? డ్రమ్ములేవీ?" అంటూ గోడ వాడి ముక్కు మీద గుద్దాడు.

"పో బయటికి! రేపట్నుంచి రాకు!" అని మేనేజర్ అరిచాడు.

ఇక కాపలా కాయాల్సిన పనిలేదు. గోడ వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్లలో వాళ్లని వాయిస్తుండగా చూసిన పాపాన పోలేదు. డ్రమ్ముల వెనక ఒక ముసలాయన. రెండు మణికట్లకీ కట్లు. ఒక చేతిలోంచి పుల్ల జారిపోతుంటే రెండో చేత్తో పట్టుకుంటున్నాడు.

"కొట్టరా!" అని అరుస్తున్న మెకానిక్ మెడ పట్టి గోడ అటు తిప్పాడు. మెకానిక్ కళ్లు ఆ కట్ల మీద ఆగాయి.

ఒక సీసా వచ్చి డ్రమ్ము పక్కన పగిలింది. ముసలాయన ఉలిక్కిపడ్డాడు. మెకానిక్ ముక్కు తుడుచుకుని జనం వైపు తిరిగి, గోడ పక్కన నిలబడ్డాడు. కంచె ఎక్కిన మొదటివాణ్ణి వాడే కొట్టాడు, ఏడుస్తూ.